అమెరికాలో ఎపిస్కోపల్ చర్చిలో కలిసిపోవడం ఎలా? సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబాల కోసం

మెదక్, డోర్నకల్, కృష్ణా-గోదావరి, రాయలసీమ... ఏ డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) నుంచి వచ్చినవాళ్లయినా అమెరికాలో దిగాక అడిగే ప్రశ్న ఒకటే: "ఇక్కడ మన సి.ఎస్.ఐ. లాంటి చర్చి ఏది?" కొన్నాళ్లకు అదే మనుషులు ఇంకో ప్రశ్నతో వస్తారు: "ఎపిస్కోపల్ చర్చికి వెళ్తున్నాం. అందరూ నవ్వుతూ పలకరిస్తారు. అయినా ఇంకా చుట్టాల్లాగే ఉన్నాం. ఏం చేయాలి?"

రెండింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ చర్చిల్లో పలకరింపు మొదటి ఆదివారమే దొరుకుతుంది. సంఘం మాత్రం మీరు ఏదో ఒక పని పట్టుకున్నాకే దొరుకుతుంది. ఎవరో ఇంటికి వచ్చి పిలుస్తారని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

కాస్త నేపథ్యం. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు అందులో కలిసినవాటిలో ఆంగ్లికన్ సంఘాలు, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానివి, కూడా ఉన్నాయి. ఎపిస్కోపల్ చర్చి అంటే అమెరికాలోని ఆంగ్లికన్ సంఘమే. రెండింటి మధ్య పూర్తి సహవాసం ఉంది, అంటే ఒకరి సంస్కారాలను ఇంకొకరు అంగీకరిస్తారు. కాబట్టి మీ బాప్తిస్మం ఇక్కడ చెల్లుతుంది, మళ్లీ తీసుకోనక్కర్లేదు. మీరు బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల నుంచి వచ్చినా అంతే. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో ఇచ్చిన బాప్తిస్మం అయితే చాలు.

కావలసినవి

- మీ బాప్తిస్మ పత్రం. నిర్ధారణ (కన్ఫర్మేషన్) అయి ఉంటే దాని వివరాలు కూడా. పత్రం పోయిందా? ఊళ్లో చర్చి రిజిస్టరులో ఉన్న వివరాలు రాసి ఒక ఉత్తరం పంపమని అక్కడి అయ్యగారిని అడగండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా మొదట్లో పని నడుస్తుంది.
- ఆదివారం పొద్దున మూడు గంటల సమయం. ఆరాధన సుమారు గంట, గంటంపావు ఉంటుంది. మిగతాది ఆ తర్వాత మనుషులతో గడపడానికి.
- శుభ్రమైన మామూలు బట్టలు. చీర కట్టుకుని వెళ్తే ఎవరూ వింతగా చూడరు, బాగుందని నలుగురు చెబుతారు. జీన్స్‌లో వచ్చేవాళ్లూ ఉంటారు.
- కొంచెం ఓపిక. నిజానికి ఎక్కువ కావలసింది ఇదే.

1. సరైన చర్చిని వెతకండి

ఎపిస్కోపల్ చర్చి అధికారిక వెబ్‌సైట్‌లో చర్చిల మ్యాప్ ఉంది. మీ ఊరి పేరు కొడితే దగ్గర్లోవి కనిపిస్తాయి. వీధి మూలలో బోర్డు మీద తెల్లని షీల్డు, దానిపై ఎర్ర శిలువ, పై మూలన నీలిరంగులో చిన్న తెల్ల శిలువలు ఉంటే అది ఎపిస్కోపల్ చర్చే.

పేర్ల దగ్గర జాగ్రత్త. "ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్" అనేది మెథడిస్టు సంప్రదాయానికి చెందిన వేరే సంఘం. "ఆంగ్లికన్ చర్చ్ ఇన్ నార్త్ అమెరికా" 2009లో వేరుగా ఏర్పడింది, అది ఎపిస్కోపల్ చర్చిలో భాగం కాదు. ఈ సంఘాల్లో ఏది మంచిదని నేను చెప్పడం లేదు. వెళ్లేది ఎక్కడికో తెలిసి వెళ్లండి, అంతే.

ఇంకో విషయం కూడా ముందే తెలుసుకోవాలి, లేకపోతే తర్వాత ఇబ్బంది పడతారు. ఇక్కడ ఆడవాళ్లు గురువులుగా, బిషప్పులుగా ఉంటారు. మనకు ఇది కొత్తేమీ కాకూడదు, నంద్యాల డయోసిస్‌కు 2013లోనే పుష్ప లలిత గారు బిషప్ అయ్యారు. స్వలింగ జంటల వివాహాన్ని కూడా ఎపిస్కోపల్ చర్చి 2015 నుంచి అంగీకరిస్తోంది. మీ పక్క బెంచీలో అలాంటి జంట పిల్లలతో కూర్చుని ఉండొచ్చు, ఆరాధన నడిపించే గురువు కూడా అలాంటి జంటలో ఒకరు అయి ఉండొచ్చు. "అందరికీ స్వాగతం" అని బోర్డు మీద రాసేది ఆ అర్థంతోనే. అక్కడ మీకు మనసు ఒప్పకపోతే కొన్ని పెద్ద నగరాల్లో సి.ఎస్.ఐ. సంఘాలే ఉన్నాయి, అవి చూసుకోండి. ఎపిస్కోపల్ చర్చికే వెళ్లాలనుకుంటే మాత్రం కాఫీ దగ్గర మొదటి వారమే దీనిమీద వాదనకు దిగకండి.

చాలా చర్చిలు ఆరాధనను ఆన్‌లైన్‌లో ప్రసారం చేస్తాయి. వెళ్లే ముందు ఒకటి చూస్తే సగం టెన్షన్ పోతుంది.

2. మొదటి ఆదివారం

చాలాచోట్ల రెండు ఆరాధనలు ఉంటాయి. ఉదయం 8 గంటలది చిన్నది, పాటలు ఉండవు, భాష పాతది. 10 లేదా 10:30కి జరిగేది పెద్దది. పిల్లలు, కోయిర్, సండే స్కూల్ అన్నీ దాంట్లోనే. కొత్తవాళ్లు దీనికే వెళ్లండి. టైమ్ అంటే టైమే. పది నిమిషాలు ముందు చేరండి.

చెప్పులు బయట విడవనక్కర్లేదు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు అనేది లేదు, కుటుంబమంతా ఒకే బెంచీలో కూర్చోండి. గుమ్మం దగ్గర ఇచ్చే కాగితంలో ఆరాధన క్రమం ఉంటుంది. కొన్నిచోట్ల కాగితంలో పేజీ నంబర్లే ఇస్తారు. అప్పుడు బెంచీ వెనక ఉన్న రెండు పుస్తకాలు కావాలి. ఒకటి 1979 నాటి ప్రార్థన పుస్తకం. పెద్ద ఆరాధన సాధారణంగా అందులో 355వ పేజీలో మొదలవుతుంది. రెండోది పాటల పుస్తకం. పాట నంబరు ముందు "ఎస్" అనే అక్షరం ఉంటే అది పుస్తకం మొదట్లో ఉన్న ప్రత్యేక భాగంలో దొరుకుతుంది. కొత్తవాళ్లు అక్కడే తికమకపడి పుస్తకమంతా తిరగేస్తారు. క్రమం మాత్రం మీకు చాలావరకు తెలిసినదే: వాక్య పఠనాలు, విశ్వాస ప్రమాణం, ఒప్పుకోలు, సమాధానం చెప్పుకోవడం (ఒకరికొకరు శాంతి పలకడం), బల్ల (ప్రభు భోజనం).

బల్ల దగ్గర తేడాలు ఉన్నాయి. మన దగ్గర చాలాచోట్ల ద్రాక్షరసం ఇస్తారు. ఇక్కడ ఇచ్చేది నిజమైన వైన్, అందరికీ ఒకే పాత్ర. కుడి అరచేతిని ఎడమ అరచేతి మీద పెట్టి చాపితే అందులో రొట్టె పెడతారు. వైన్ వద్దనుకుంటే రొట్టె తీసుకుని ఊరుకోండి, అది పూర్తి సంస్కారమే. గోధుమ పడనివాళ్లకు వేరే రొట్టె ఉంటుంది, మెల్లగా అడిగితే ఇస్తారు. బాప్తిస్మం పొందినవాళ్లందరూ, నిర్ధారణ కాని పిల్లలు కూడా, తీసుకోవచ్చు. మీ పిల్లలకు అప్పుడే వద్దనుకుంటే వాళ్లను చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోమనండి, గురువు ఆశీర్వదించి పంపుతారు. బాప్తిస్మం లేని బంధువులు వెంట వచ్చినా ఇదే పద్ధతి. అలా వెళ్లడం కంటే బెంచీలో కూర్చోవడం ఇష్టమైతే అదీ తప్పు కాదు.

కానుకల పళ్లెం మీ ముందుకు వస్తే ఏమీ వేయకుండా పక్కకు అందించవచ్చు. చాలామంది ఆన్‌లైన్‌లో కడతారు కాబట్టి పళ్లెంలో వేయనివాళ్లు మీరొక్కరే కారు.

ఒక హెచ్చరిక: జూలైలో వెళ్లి "ఈ చర్చిలో జనమే లేరు" అని తేల్చేయకండి. వేసవిలో చాలాచోట్ల కోయిర్‌కు సెలవు, సండే స్కూల్‌కు సెలవు, సగం మంది ఊళ్లో ఉండరు. సెప్టెంబర్‌లో మళ్లీ చూడండి.

3. కాఫీకి ఆగండి

ఆరాధన అయ్యాక హాల్లో కాఫీ, బిస్కెట్లు ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మొహమాటంతో నేరుగా కారెక్కేస్తారు. పది నిమిషాలైనా ఆగండి. పేరు బిళ్ల పెట్టుకోండి, ఇంటి పేరు కాకుండా పిలిచే పేరు పెద్దక్షరాలతో రాయండి.

గురువును ఏమని పిలవాలి? మగవాళ్లను "ఫాదర్" అని, ఆడవాళ్లను "మదర్" అని చాలాచోట్ల అంటారు, కొందరు నేరుగా పేరుతో పిలవమంటారు. వాళ్లనే అడిగేయండి. అయ్యగారు, అమ్మగారు అనే అలవాటుతో ఆడ గురువు పక్కనున్న భర్తను ఫాదర్ అనుకుని దండం పెట్టే సందర్భాలు వస్తాయి. అందరూ నవ్వేసి వదిలేస్తారు, భయపడకండి.

4. పేరు రాయించుకోండి

మూడు నాలుగు వారాలు వెళ్లాక ఇది చేయండి. వాయిదా వేయొద్దు.

మొదట బెంచీలో ఉండే కొత్తవాళ్ల కార్డు నింపండి. తర్వాత ఆఫీసుకు ఈమెయిల్ పంపి గురువుతో అరగంట సమయం అడగండి. చెప్పకుండా ఇంటికో ఆఫీసుకో వెళ్లే పద్ధతి ఇక్కడ లేదు. ఆ రోజు మీ బాప్తిస్మ పత్రం చూపించి, ఊళ్లోని చర్చి నుంచి బదిలీ ఉత్తరం ఎలా తెప్పించాలో అడగండి. సి.ఎస్.ఐ. బిషప్ చేతుల మీదుగా నిర్ధారణ అయి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, చాలావరకు రిజిస్టరులో రాసుకుంటే సరిపోతుంది. వేరే సంఘం నుంచి వచ్చినవాళ్లను బిషప్ చర్చికి వచ్చిన రోజున చేర్చుకుంటారు. దానికి ముందు చిన్న తరగతులు ఉంటాయి.

పేరు రిజిస్టరులో ఉండటం, గత ఏడాదిలో కనీసం మూడుసార్లు బల్లలో పాల్గొనడం, ఈ రెండూ ఓటు హక్కుకూ పెద్దల ఎన్నికకూ లెక్కకు వస్తాయి. కార్డు నింపినంత మాత్రాన సభ్యులైనట్టు కాదు, ఈమెయిళ్లు మొదలైనట్టు. రిజిస్టరులో చేరిందో లేదో ఒకసారి ఆఫీసులో అడిగి రూఢి చేసుకోండి.

5. ఒక్క పని పట్టుకోండి

ఈ చర్చిల్లో ప్రతి పనినీ "మినిస్ట్రీ" అంటారు. కాఫీ కాచడం కూడా మినిస్ట్రీయే. జాబితా చూసి కంగారుపడి ఐదింటికి పేరిచ్చేవాళ్లు రెండు నెలల్లో అలసిపోయి చర్చికే రావడం మానేస్తారు. ఒక్కటి పట్టుకోండి. ఎవరికి ఏది నప్పుతుందో నాకు తోచినట్టు చెబుతాను.

*ఇంగ్లీషులో మాట్లాడటానికి బెరుకా?* ఆల్టర్ గిల్డ్‌లో చేరండి. బల్లను సిద్ధం చేసే బృందం ఇది. శనివారం పొద్దున ఇద్దరు ముగ్గురు కలిసి పాత్రలు తుడవడం, కొవ్వొత్తులు సరిచూడడం, కాలాన్ని బట్టి వస్త్రాల రంగు మార్చడం: క్రిస్మస్‌కు తెలుపు, పెంతెకోస్తుకు ఎరుపు, మామూలు రోజులకు ఆకుపచ్చ. నార గుడ్డల మీద లిప్‌స్టిక్ మరకలు తీయడం ఒక పెద్ద విద్య, అది పాతవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. సంస్కారంలో వాడిన గుడ్డలను మొదట తడిపిన నీళ్లను మామూలు సింకులో పోయరు, నేలలోకి పోయే ప్రత్యేకమైన తొట్టిలోనో బయట మట్టిలోనో పోస్తారు. తెలియక ఇంటికి తీసుకెళ్లి వాషింగ్ మెషీన్‌లో వేసేయకండి. చేతులు పనిచేస్తుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మన స్త్రీల మైత్రిలో (చర్చి మహిళా సంఘంలో) పనిచేసిన అమ్మలకు ఇది మొదటి రోజు నుంచే చేతికి వస్తుంది.

*గొంతు బాగుందా?* కోయిర్. ఎక్కువచోట్ల పరీక్ష పెట్టరు. వారం మధ్యలో ఒక సాయంత్రం రిహార్సల్ ఉంటుంది. దానికి రాకుండా ఆదివారం వచ్చి నిలబడితే ఎవరూ మెచ్చరు.

*చదవడం ఇష్టమా?* వాక్యం చదివేవాళ్ల జాబితాలో చేరండి. ఏ ఆదివారం ఏ భాగం చదవాలో మూడేళ్ల చక్రంగా ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి వారం ముందే సాధన చేసుకోవచ్చు. మన యాసతో ఇబ్బంది లేదు, వేగంతోనే ఇబ్బంది. మనం మామూలుగా చదివే వేగం వాళ్లకు పరుగులా వినిపిస్తుంది. ఫోన్లో రికార్డు చేసి వినండి, ఆఖరి బెంచీలో కూర్చునే పెద్దాయనను వినపడిందా అని అడగండి. "వినపడింది" అని కాకుండా వాక్యంలోని విషయం గురించి ఆయన మాట్లాడితే మీరు బాగా చదివినట్టు. పెంతెకోస్తు ఆదివారం చాలా చర్చిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయాన్ని రకరకాల భాషల్లో చదివిస్తారు. తెలుగులో చదువుతానని ఒక నెల ముందే చెప్పి పెట్టండి.

*వంట వచ్చా?* కాఫీ సమయానికి తినేవి తెచ్చే వంతు తీసుకోండి. సమోసాలు తీసుకెళ్తే గిన్నె ఖాళీగా ఇంటికి వస్తుంది. కారం సగానికి తగ్గించండి. జీడిపప్పు, వేరుశెనగ, నువ్వులు వేసినవాటి మీద తప్పకుండా చీటీ పెట్టండి, అలర్జీ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదకు వచ్చే విషయం.

*మాటలకంటే పని ఇష్టమా?* పేదలకు సరుకులు పంచే ఫుడ్ ప్యాంట్రీ చాలా చర్చిల్లో ఉంటుంది. డబ్బాల తేదీలు చూసి సర్దడం, సంచులు నింపడం. చర్చికి రాని భర్తలు కూడా ఈ పనికి వస్తారు, ఇది నేను గమనించిన సంగతే.

పిల్లలుంటే వాళ్లను అకోలైట్‌లుగా పంపండి. తెల్ల అంగీ వేసుకుని శిలువ, కొవ్వొత్తులు పట్టుకుని ముందు నడిచే పని. ఎన్నేళ్లకు తీసుకుంటారో చర్చిని బట్టి మారుతుంది. పిల్లలకు చర్చి అంటే బోర్ పోవడానికి ఇంతకు మించిన మందు నాకు తెలియదు.

పిల్లలతో పనిచేయాలన్నా, మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు బల్ల తీసుకెళ్లాలన్నా ముందు "సేఫ్ చర్చ్" శిక్షణ, నేపథ్య తనిఖీ ఉంటాయి. మిమ్మల్ని అనుమానించి కాదు, అందరికీ ఒకటే నియమం. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా హెచ్-4 వీసా మీద (ఉద్యోగి మీద ఆధారపడి) వచ్చిన భార్య లేదా భర్త ఆ సంగతి ముందే ఆఫీసులో చెబితే వేరే దారి చూస్తారు. పాత్ర పట్టుకుని వైన్ అందించడానికి బిషప్ ఇచ్చే లైసెన్సు కావాలి, అది గురువు ద్వారా వస్తుంది.

ఇంకొకటి. నర్సరీలో పిల్లలను చూసేవాళ్లకు, కోయిర్‌లో కొందరికి జీతం ఇచ్చే చర్చిలు ఉన్నాయి. పని అనుమతి లేని వీసా మీద ఉంటే ఆ డబ్బు తీసుకోకండి. ఉచిత సేవ వేరు, జీతం వేరు.

6. కానుకల సంగతి

శరదృతువులో ప్లెడ్జ్ కార్డు ఇస్తారు. వచ్చే ఏడాది మొత్తంలో ఎంత ఇవ్వగలరో రాసి ఇవ్వడం. ఆ లెక్క మీదే చర్చి బడ్జెట్ వేసుకుంటుంది. మన దగ్గరలా పేరు, మొత్తం చదివి వినిపించరు. ఎవరెంత ఇచ్చారో కోశాధికారి లాంటి ఒకరిద్దరికే తెలుస్తుంది. ఉద్యోగం పోయినా, ఊరు మారినా ఆఫీసుకు చెప్పి మార్చుకోవచ్చు, అప్పులా వెంటపడరు. చిన్న మొత్తమైనా కార్డు ఇవ్వండి. అప్పుడప్పుడు పళ్లెంలో వంద డాలర్లు వేసేదానికన్నా నెలకు ఇరవై రాసి ఇస్తే వాళ్లకు ఎక్కువ ఉపయోగం. పేరు లేకుండా పళ్లెంలో వేసిన నగదు ఏడాది చివర ఇచ్చే రసీదులో రాదు.

7. సంఘ పెద్దలు, వార్షిక సభ

మన పాస్టరేట్ కమిటీ లాంటిది ఇక్కడ వెస్ట్రీ. సభ్యులను వార్షిక సభలో ఎన్నుకుంటారు, చాలాచోట్ల ఆ సభ జనవరిలో జరుగుతుంది. పెద్ద తేడా ఒకటుంది. మన దగ్గర బిషప్ గారు అయ్యగార్లను బదిలీ చేస్తారు. ఇక్కడ రెక్టర్ (చర్చి ప్రధాన గురువు) వెళ్లిపోతే కొత్తవారిని వెతికి పిలిచేది వెస్ట్రీయే, బిషప్ సమ్మతితో. దానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ మధ్యకాలంలో తాత్కాలిక గురువు ఉంటారు. మీరు సరిగ్గా అప్పుడే చేరితే అంతా అస్తవ్యస్తంగా కనిపించవచ్చు. సభకు వెళ్లి వెనక కూర్చుని బడ్జెట్ కాగితం చదవండి, చర్చి గురించి పది ప్రసంగాల్లో తెలియనిది అందులో తెలుస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఆసుపత్రిలో ఉంటే ఫాదర్ రాలేదు." ఇది నేను తరచూ వినే ఫిర్యాదు. ఆసుపత్రివాళ్లు మీ వివరాలు తమంతట తాము చర్చికి చెప్పరు. మీరు లేదా మీవాళ్లు ఆఫీసుకు ఫోన్ చేయాలి. చెబితే వస్తారు, ప్రార్థన జాబితాలో పేరు పెడతారు, అడిగితే ఇంటికి భోజనం కూడా వస్తుంది. అలాగే కొత్త ఇంట్లో ప్రార్థన కావాలంటే అడగండి, గృహాశీర్వాదానికి వాళ్లకూ క్రమం ఉంది. కూడిక పెట్టి నలభై మందికి బిర్యానీ వండుతారని మాత్రం వాళ్లు ఊహించరు, ముందే చెప్పండి.

డిసెంబర్ 31 రాత్రి చర్చికి వెళ్తే తలుపు తాళం వేసి ఉండొచ్చు. వాచ్‌నైట్ (కొత్త సంవత్సరం రాత్రి ఆరాధన) చాలా ఎపిస్కోపల్ చర్చిల్లో ఉండదు. ఇక్కడ పెద్ద రాత్రి క్రిస్మస్‌కు ముందురోజుదే. అక్టోబర్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ పండుగ దగ్గర కుక్కలు, పిల్లులను ఆశీర్వదించే కార్యక్రమం ఉంటుంది. నిజంగానే ఉంటుంది.

ఆదివారం సాయంత్రం తెలుగు సహవాసానికి వెళ్తున్నందుకు పొద్దున చర్చి మానేయడం. రెండూ ఉంచుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

అమ్మానాన్నలు వచ్చిన ఆరు నెలలూ వెళ్లి, వాళ్లు తిరిగి వెళ్లగానే మానేయడం. వాళ్లను పరిచయం చేసుకున్నవాళ్లు తర్వాత వారాల్లో మీ కోసం చూస్తారు.

కలిసిపోయామో లేదో ఎలా తెలుస్తుంది?

ఆరు నెలల తర్వాత ఇవి చూసుకోండి.

- చర్చి డైరెక్టరీలో మీ పేరు, ఫోన్ నంబరు సరిగ్గా ఉన్నాయా?
- రెండు వారాలు వెళ్లకపోతే ఎవరైనా మెసేజ్ పెట్టారా?
- అర్ధరాత్రి అవసరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరి పేర్లు ఠక్కున చెప్పగలరా?
- సేవల వంతుల పట్టికలో మీ పేరు కనీసం నెలకోసారి ఉందా?
- మీ పిల్లలకు అక్కడ పేరు తెలిసిన స్నేహితుడు ఉన్నాడా?

మూడింటికి అవును అంటే దారిలో ఉన్నట్టే. ఒక్కటీ లేకపోతే ఐదో దశకు వెళ్లి పని మార్చి చూడండి. పని మార్చినా ఏడాదికి కూడా మారకపోతే చర్చి మార్చండి. ఎపిస్కోపల్ చర్చిలన్నీ ఒకేలా ఉండవు. ధూపం వేసి రాగంతో నడిపించేవి ఉన్నాయి, గిటార్‌తో పాడేవీ ఉన్నాయి, పక్క ఊరిలోది మీకు నచ్చవచ్చు.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తుంటే రెండు వారాలు ముందే ఆఫీసుకు చెప్పండి. వంతుల పట్టికలోంచి పేరు తీయించండి, తాళంచెవులు ఉంటే తిరిగి ఇవ్వండి, మిగిలిన ప్లెడ్జ్ ఏం చేయాలో మాట్లాడుకోండి. కొత్త చర్చి పేరు తెలిశాక బదిలీ ఉత్తరం అడగండి. ఈసారి దాని కోసం ఊరికి ఫోన్ చేయాల్సిన పని లేదు, ఒక చర్చి ఆఫీసు నుంచి ఇంకో చర్చి ఆఫీసుకు వాళ్లే పంపుకుంటారు.